రాధారాణి కట్టిన బాంబర్

రాధారాణి కట్టిన బాంబర్ ఏప్రిల్‌లో ఒక శనివారం ఉదయం, అమెరికాలో మేముండే ఫ్రిస్కో శివార్లలోని సరస్సులో పడిపోయింది. దాని పొట్ట కింద బిగించిన చిన్న గొట్టంలో ఆమె చితాభస్మం కొంత ఉంది.

అది మనుషులు ఎక్కే విమానం కాదు. సుమారు నూరేళ్ల కిందట అమెరికా సైన్యం ప్రయోగంగా కట్టించిన జంట రెక్కల బాంబర్‌కు నమూనా. నేల మీద నిలబడి రిమోట్‌తో ఎగరేస్తారు. నా భార్య గరాజ్‌లో కూర్చుని, తేలికపాటి కర్రతో ఏళ్ల తరబడి కట్టుకుంది. అసలుదాన్ని సైన్యం పరీక్షించి వద్దనుకుందట. "ఒక్కరినీ చంపని బాంబరండీ, మనింట్లో ఉండొచ్చు" అనేది. దాన్ని ఎగరేయకుండానే ఫిబ్రవరిలో వెళ్లిపోయింది.

చితాభస్మాన్ని గోదావరిలో కలపడానికి ఎడిసన్‌లో ఉండే ఆమె అన్నగారు విశ్వనాథం గారు జూన్‌లో తీసుకెళ్లాలని అనుకున్నాం. ఈలోగా మా అమ్మాయి వేద అడిగింది.

"డాడీ, ఇది అమ్మ ప్లేన్‌కి ఫస్ట్ ఫ్లైట్ కదా. కొంచెం యాషెస్ అందులో పెడదామా? లేక్ మీద డ్రాప్ చేస్తే అమ్మకి నచ్చుతుంది."

నేను స్కూల్లో లెక్కలు చెబుతాను. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పండి, ఊరుకోవద్దు అని పిల్లలతో అంటుంటాను. ఆ రోజు నేను ఊరుకున్నాను. తర్వాత చెంచాతో గొట్టంలో పోసింది నేనే. కారులో చిందుతుందేమోనని మూతకు టేపు చుట్టిందీ నేనే.

మైదానంలో రిమోట్ పట్టుకున్నది నమూనా విమానాల క్లబ్‌లో రాధారాణి స్నేహితుడు కోటేశ్వరరావు గారు.

"ఏమ్మా వేదా, ఈ రెక్క ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని మీ అమ్మ నాకు వార్నింగ్ ఇచ్చింది. నువ్వే ఎగరేయమని అడిగావని సాక్ష్యం చెప్పాలి మరి!"

"చెప్తాను అంకుల్. బట్ ఫస్ట్ సరిగ్గా ఎగరేయండి!"

అందరం నవ్వాం. బాంబర్ లేచింది. బాగా ఎగిరింది. సరస్సు మీదికి రాగానే గొట్టం మూత తెరిచే బటన్ వేద నొక్కింది. మూత తెరుచుకోలేదు. మళ్లీ నొక్కింది. "ఇంకో రౌండ్ కొడదాంలే" అని కోటేశ్వరరావు గారు తిప్పారు. ఆ మలుపులో గాలి ఎత్తి కొట్టింది. పై రెక్క విరిగింది.

టేపు తీయలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

క్లబ్బువాళ్లు పడవ వేసుకుని వెతికారు. ఒక్క రెక్క దొరికింది. గొట్టం సరస్సు అడుగున బురదలోనే ఉండిపోయింది, మూసినది మూసినట్టే.

సాయంత్రం విశ్వనాథం గారు ఫోన్ చేశారు. "బావగారూ, అస్థికలు జాగ్రత్తగా ఉన్నాయి కదా? చెల్లాయిని మొత్తంగా గోదారమ్మకి అప్పజెప్పాలి."

"ఉన్నాయండీ" అన్నాను.

వేద పక్కనే ఉంది. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగింది.

"నా ఐడియా అని చెప్పు డాడీ. బటన్ నేనే రాంగ్‌గా ప్రెస్ చేశానని చెప్పు. మామయ్య నన్ను తిట్టరు."

"అన్నం తిను" అన్నాను.

జూన్‌లో ఆయన వచ్చి, కలశాన్ని రెండు చేతులతో గుండెకు ఆనించుకుని తీసుకెళ్లారు. గుమ్మం దగ్గర వేద ఆయన ముఖం చూడలేక తల దించుకుంది. నేను కారు తలుపు తెరిచి పట్టుకున్నాను.

దొరికిన రెక్క గరాజ్‌లో ఉంది. టేపు సంగతి వేదకు ఇంకా చెప్పలేదు.