చల్లగది వేడినీళ్లు

కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన తొలి వేసవి. గుమాస్తాలు డేరాల్లో ఉడికిపోతుంటే, ఒక పెద్దాఫీసరు బంగళాకు మాత్రం బీరువా అంత చల్లమిషను వచ్చింది. ఆయన భార్యకు ఎండ పడదట, పాపం. మిషను ఆమె పడకగదిలోని వేడినంతా గొట్టంలో పారే నీళ్లలోకి తోసి, ఆ నీళ్లను గోడవతల కానగచెట్టు పాదులోకి వదిలేది. ఊళ్లో జనం బిందె నీళ్లకు జుట్లు పట్టుకుంటున్న రోజులవి. ఇక్కడ పొద్దస్తమానం పారబోయడమే.

ఒకరోజు పనిమనిషి ప్రేమమ్మ ఆ ధార కింద చెయ్యి పెట్టి అదిరిపడింది. పొయ్యి లేదు, కట్టె లేదు, పొగ లేదు, నీళ్లు మాత్రం వేడి. యేసయ్యను తలుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ చురుక్కుమంది.

మే నెలలో కర్నూల్లో వేడినీళ్లు ఎవరికి కావాలి? బాలింతకు. బంగళా వెనక రేకుల పాకలో, కోసిగి నుంచి కట్టుబడి పనికి వచ్చిన హంపమ్మ ఉంటోంది. ఆమె కూతురు హులిగెమ్మ అప్పుడే కని ఉంది. ఎండలు ఎంత మండినా బాలింతకు వేడినీళ్లే పోయాలని హంపమ్మ పట్టు. కట్టెలు కొనే తాహతు లేదు. ప్రేమమ్మ బిందె నింపి మోసుకొచ్చేసరికి ముసలామె కళ్లనీళ్లు పెట్టుకుంది.

అంతలో ఆఫీసరు దొరసాని ఊటీ వెళ్లింది. మిషను ఆగింది, దానితో ధారా ఆగింది. ప్రేమమ్మ ఊరుకోలేదు. పొద్దెక్కి ఆఫీసరు పనికి పోయాక, గదిలోకి పోయి మీట నొక్కి వచ్చేది. మనిషి లేని గది మంచులా చల్లబడేది, బయట బిందె నిండేది. ఆ చల్లదనం కూడా ఎవరికైనా పనికొస్తుందని ఎవరికీ తట్టలేదు.

ఒక మిట్టమధ్యాహ్నం ఆమె బిందెతో పోయేసరికి పాకలో పసిబిడ్డ తోటకూర కాడలా వేలాడుతోంది. ఒళ్లు కాలిపోతోంది. పొద్దుటి నుంచి రొమ్ము పట్టలేదట, ఏడవనూ లేదట. నెత్తిన రేకులు పెనంలా కాగుతున్నాయి. ప్రేమమ్మ బిందె దించేసి, బిడ్డను ఎత్తుకుని బంగళాలోకి పరుగెత్తింది. వెనకే హులిగెమ్మ.

హంపమ్మ మాత్రం గది గడప దగ్గరే కొయ్యబారిపోయింది. చల్లగాలి ముఖాన కొట్టేసరికి కొంగు చెవులకు చుట్టుకుంది. పురిటిబిడ్డకు చలి తగిలితే సన్నిపాతమేనని ఆమె నమ్మకం.

"బిడ్డను సంపుతాండావు ప్రేమమ్మా. బయటికి తే."

ప్రేమమ్మ తేలేదు. తడిగుడ్డతో బిడ్డ ఒళ్లు తుడుస్తూ కూర్చుంది. చాలాసేపటికి బిడ్డ మూలిగింది. కళ్లు తెరిచింది. తల్లి రొమ్ము అందుకుంది. గుటక పడిన చప్పుడు గడప దాకా వినిపించి, హంపమ్మ ఉన్నచోటే కూలబడింది.

సరిగ్గా అప్పుడే దొరసాని చెప్పాపెట్టకుండా ఊటీ నుంచి దిగింది. తన మంచం మీద కూలిమనిషి! మిషను ఆపి అందరినీ బయటికి తోలమంది.

ప్రేమమ్మ చెయ్యి మీట వైపు పోలేదు. పని పోతుందని తెలుసు. ఈ ఎండలో ఆపితే బిడ్డ ఉండదనీ తెలుసు.

"బిడ్డ పాలు తాగుతాండాదమ్మా. తేరుకున్నాక ఆపుతా."

పనిలో చేరినప్పటి నుంచి ఆమె ఒక్కసారీ ఎదురు చెప్పి ఎరగదు. చెప్పిన మనిషీ, విన్న మనిషీ ఇద్దరూ బిత్తరపోయారు. దొరసాని తానే ఆపుదామని గది వైపు అడుగేసింది.

గడప దగ్గర నుంచి హంపమ్మ లేచింది. మోకాళ్లు పట్టుకుని, గడప దాటి, ఆ చల్లగాలిలోకి వెళ్లి నిలబడింది.

"తలుపు తీసుంటే సల్లగాలంతా బయటికి పోతాదమ్మా," అని దొరసాని ముఖం మీదే తలుపు మూసి గడియ పెట్టింది.