మూడో మాలాకు పోయే పొగ

ఆదివారం పొద్దున సూరత్ భేస్తాన్‌లో సోమలింగం చేసే పనులకు వరస మారదు. స్నానం, మార్కండేయస్వామి పటానికి రెండు అగరొత్తులు, ఒక కప్పు చాయ్. తర్వాత విస్తరాకులో ఇంత అన్నం, ఇంత కూర పెట్టి, ఇంటి వెనక మంచం పట్టేంత ఖాళీ జాగాలో గోడ మీద ఉంచి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంటాడు. కాకి కోసం.

నాలుగేళ్ళుగా కాకి రాలేదు. భేస్తాన్‌లో కాకుల్లేక కాదండోయ్. పక్క గోడ మీద ఎండిన శనగపిండి ఫాఫడా ముక్క కోసం ఏడు కాకులు కొట్టుకుంటాయి. నాలుగేళ్ళ కింద పోయిన భార్య భాగీరథి విస్తరి వైపు మాత్రం ఒక్కటీ తల తిప్పదు.

మన దిక్కు పద్ధతి మీకు తెలియనిది కాదు. పోయినవాళ్ళకు పెట్టిన ముద్దను పిట్ట ముట్టాలి. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిందని, ఆ మనిషి కైలాసం చేరక నడిదారిలో నిలబడిందని లెక్క. భార్య దారిలో ఎండకు నిలబడి ఉంటే మగవాడికి ముద్ద దిగుతుందా? దిగదు. అయినా ఒక్కడే తింటాడు, గోడ వంక చూస్తూ.

ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టి చూశాడు. పచ్చిపులుసు పెట్టాడు. ఆమె సూరత్ వచ్చి మరిగిన శనగపప్పు లోచో పెట్టాడు. ఆఖరికి దీపావళి ముందు ఒక మాట గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో గ్యాసు పొయ్యిని తిడుతూనే బతికింది భాగీరథి. "దీని మీద ఒట్టితునకలకు పొగ ఏడ పడుతది? మా అవ్వగారింట్ల కట్టెల పొయ్యి మీద దండెం కట్టి ఆరేస్తుండ్రి" అనేది.

పొగలో ఆరిన ఆ ఎండుమాంసమే ఆమె కోరిక అయి ఉంటుందనుకున్నాడు.

పాత ఇనుప సామాన్లు అమ్మే భంగార్ బజారుకెళ్ళి, పొగ పట్టించడానికి పల్లినూనె డ్రమ్ము తెచ్చాడు. రంగుల మిల్లు డ్రమ్ము తేలికగా దొరికేదే, కానీ తినే వస్తువుకు మందుల వాసన తగలకూడదని వదిలేశాడు. లోపల కట్టెలేసి పూటంతా మండించి, పాత పూత కాల్చి, గీకి, కడిగాడు. ఇక బొక్కలు. నాలుగు చాలని ఫోను వీడియోలో ఎవరో చెబుతూనే ఉన్నారు. మగ్గం మీద బతికిన చేయి ఊరుకుంటుందా? పోగులు దూరే పన్ని కన్నుల్లా వరసగా, దగ్గరదగ్గరగా, చుట్టూతా పొడిచేశాడు. గాలి దూరి నిప్పు భగ్గుమంది. మొదటి దండ మేకతునకలు బొగ్గయిపోయాయి. ఒక్కో బొక్కకూ బోల్టు బిగించి, చివరికి రెండే ఉంచాడు. అప్పుడు నిప్పు బుద్ధిగా కూర్చుంది.

పొగ మాత్రం కూర్చోలేదు.

మూత మీది గొట్టంలోంచి బయటికొచ్చింది. ఆకాశం వైపు చూడనైనా చూడకుండా కిందికి దిగి, మెట్లెక్కింది. ఎవరైనా ఎదురొస్తే గోడకు ఒదిగి దారిచ్చింది. రెండో మాలాలో, అంటే రెండో అంతస్తులో, గడప దగ్గర కూర్చుని చీరలకు రాళ్ళు అంటించే సుమన ఒడిలోని చీర పక్కకు లాక్కుంది.

"కాకా, నీ పొగ పైకొస్తుంది. జర చీరెలు తొక్కకుండ పొమ్మను!"

"చెప్తె ఇంటదా అది?" కిందినుంచి సోమలింగం.

మూడో మాలాలో గంగారాం తలుపు ముందు ఆగింది పొగ. పెళ్ళికి పిలవవచ్చిన మనిషిలా అక్కడే కూర్చుని, నిప్పు ఆరాక దిగొచ్చింది. తునకలు మాత్రం అమృతంలా కుదిరాయి. విస్తట్లో పెట్టాడు. కాకి రాలేదు.

రాదు మరి, అనుకున్నాడు సోమలింగం. హోమం పొగైనా పైకి పోతేనే దేవతలకు అందుతుంది. ఇది పోవలసిన చోటికి పోకుండా పోకూడని తలుపుకు పోతోంది.

ఇక ప్రతి ఆదివారమూ డ్రమ్ముకు కొత్త మరమ్మతు. గొట్టానికి పదడుగుల పైపు తొడిగితే, పొగ ముసలమ్మలా ఆ పైపునే పట్టుకుని మెల్లగా దిగింది. మూతి అటు తిప్పితే చుట్టూ తిరిగి వచ్చింది. మెట్ల జాలీతలుపు మూసి గొళ్ళెం పెడితే, ఎవరో ఒకరు తీసేదాకా చేతులు కట్టుకున్నట్టు నిలబడింది.

గంగారాం తలుపు ఎందుకు కూడదో చెప్పాలి కదా. ఇద్దరూ ఇరవై ఏడేళ్ళు ఒకే కార్ఖానాలో పక్కపక్క మగ్గాలు నడిపారు. భాగీరథి ఏటా గంగారాంకి రాఖీ కట్టేది. అన్న అంటే అన్నే. ఆమె పదకొండో రోజున పిట్ట ఎంతకీ రాకపోతే, వచ్చినవాళ్ళ ఆకలి చూసి గంగారాం, "బావా, పొద్దు గూకుతుంది, ఇగ వడ్డిద్దామా" అన్నాడు. సోమలింగంది దుఃఖంలో ఉన్న నోరు. "తిండికే వచ్చినవా నువ్వు?" అనేసింది. గంగారాం లేచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒకే మెట్ల మీద నాలుగేళ్ళు, మాట లేదు.

సంక్రాంతి దాటిన రెండో ఆదివారం సుమన దిగొచ్చింది.

"కాకా, గంగారాం పెద్దబాపు రేపటి బండికి ఊరికి పోతున్నడట. మల్ల రాడంట. గిన్నెలు గూడ నాకే ఇచ్చిండు."

"పోనీ."

"పోనీ అంటవేంది? దీపావళి సంది పాపం నీ పొగ మెట్లెక్కి పిలుస్తుంది. మనిషివి, నువ్వొక్కపారన్న ఎక్కినవా?"

సోమలింగం నిప్పు కదిలించాడు. పొగ ఎప్పటిలాగే వెళ్ళింది. నిప్పు ఆరింది. పొగ దిగి రాలేదు. చాయ్ కాచుకుని తాగాడు. రాలేదు. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కాడు.

తలుపు తెరిచే ఉంది. ఖాళీ గది. చుట్టిన పరుపు మీద గంగారాం. ఎదురుగా ఇనప్పెట్టె, మూత తీసి. అందులో బట్టల మీద బాసింపట్టు వేసుకుని పొగ.

"నీ పొగను తీస్కపో బావా," అన్నాడు గంగారాం. "పెట్టె మూత వెయ్యనిస్తలేదు."

తప్పైంది అనే మాట ఎంత చిన్నదో చూడండి. అయినా సోమలింగం నోట రాలేదు. మగ్గాల మోతలో ఆ ఇద్దరూ ఏనాడూ నోటితో మాట్లాడుకున్నవాళ్ళు కారు, అన్నీ చేతులతోనే. నోరు రాని ఆ క్షణంలో ఆ శివుడే అతని చేతిని లేపాడు. ఐదు వేళ్ళూ ముడుచుకుని నోటి దగ్గరికి వెళ్ళాయి. కార్ఖానాలో మధ్యాహ్నం గంటకు అదే సైగ. తిందాం రా.

గంగారాం ఆ వేళ్ళ వంక చూశాడు.

"మల్ల తిండికే వచ్చిండంటవు."

"అంట," అన్నాడు సోమలింగం. ఈసారి నోరు పెగిలింది. "తిండికే రా బావా. ఎదురుంగ కూసోని తినేటోడు లేక సచ్చిపోతున్న."

ముందు పొగ లేచింది. దాని వెనక గంగారాం, చెప్పులు కూడా వేసుకోకుండా.

తునకలు నిప్పుల మీద కాల్చి ఇద్దరూ తలొంచుకుని తిన్నారు. "ఉప్పు దంచినవ్," అన్నాడు గంగారాం. "గింత మందం కోస్తరా? చెల్లె ఉంటే చెయ్యిరగ్గొట్టేది." అంటూనే ఇంకోటి అందుకున్నాడు. సోమలింగం నవ్వబోతే కళ్ళు మండాయి. పొగ వల్లే అన్నాడు. పొగేమో అవతలి మూలన ఒదిగి కూర్చుంది.

తల ఎత్తేసరికి గోడ మీద విస్తట్లోంచి ఒక తునక మాయం.

"పిట్ట!" గంగారాం లేచి నిలబడ్డాడు. "చెల్లె తిన్నది!"

సోమలింగం కదల్లేదు. నమ్మడానికి భయం. "పిల్లి గావచ్చు," అన్నాడు మెల్లగా.

"పిల్లయితే ఒక్కదాంతోని ఆగుతదా?"

"కడుపు నిండిన పిల్లేమో."

"కడుపు నిండినంక దొంగతనమెందుకు? తెల్వి ఉన్నదా నీకు?"

రెండో మాలా కిటికీలోంచి సుమన అరిచింది. "రెక్కల సప్పుడు నేనిన్న కాకా!"

"నువ్వు ఇన్నవ్, చూసినవా?" అన్నాడు సోమలింగం.

చెల్లె వంటల రుచి చూసినవాణ్ణి నేను, కాదు తాళి కట్టినవాణ్ణి నేను అంటూ ఇద్దరూ గొంతులు పెంచారు. ఆ వాదన ఆ పూటకు తేలలేదు. మర్నాడు చాయ్ దగ్గర మళ్ళీ మొదలై, గంగారాం ఎక్కాల్సిన బండి ఉధ్నా స్టేషను దాటి వెళ్ళిపోయాక కూడా సాగుతూనే ఉంది.