ఉప్పు డబ్బా విన్న బేరం

కోతలైపోయి మళ్ళు ఎండాయంటే చాలు, మా ఊరి మగవాళ్ళలో సగంమంది వేటకి పోతారు, మిగతా సగంమంది ఇనుము ఏరడానికి పోతారు. విజోలీ రెండో రకం. పొద్దున్నే పాలు లేని ఎర్ర చాయ్ తాగి, మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని, హెడ్‌ఫోన్ మెడకి తగిలించుకుని వంశం మళ్ళలోకి దిగిపోయేవాడు. కోహిమా యుద్ధమప్పుడు బ్రిటిషువాళ్ళూ జపానువాళ్ళూ మా నాగా కొండల మీద కొట్టుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. వాళ్ళు పారేసిపోయిన సామాను మేం ఇంకా ఏరుతూనే ఉన్నాం. మా ఊళ్ళో కోళ్ళు హెల్మెట్లలో తింటాయి. చర్చి గంట కూడా ఒకప్పటి ఫిరంగి గుండు తొడుగే.

ఇనుముతో ఒక సంగతుంది. మట్టి కప్పేసేముందు చివరగా ఏం విన్నదో దాన్ని అది దాచుకుంటుంది. పైన డిటెక్టర్ ఆడిస్తే హెడ్‌ఫోన్లో వినిపిస్తుంది. తవ్వి బయటికి తీశామా, గాలి తగిలి నోరు మూతపడుతుంది, ఆ తర్వాత అది ఉత్త ఇనుమే. విజోలీ విన్నవాటిలో కంచరగాడిదల అరుపులున్నాయి, తిట్లున్నాయి, వానలున్నాయి. పోయినేడు పాస్టరుగారి పెరట్లో ఒక చెంచా తుమ్మింది. ఎవరో కుర్ర సిపాయి తుమ్ము. హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటున్న పాస్టరమ్మగారు అలవాటు కొద్దీ "చిరంజీవ" అన్నారు. పేలని గుండు మాత్రం ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది. అలాంటిది తగిలితే విజోలీ మెల్లిగా వెనక్కి వచ్చి పోలీసులకి ఫోన్ చేసేవాడు.

ఆ చలికాలం విజోలీ పెదనాన్న పోయాడు. ఆయనకి ఒక్కతే కూతురు, నెయిసానో. నలభై ఆరేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు, నాగటి ఎద్దు కూడా ఆమె మాటకి ఎదురు చెప్పదు. తండ్రి మంచాన పడినప్పటి నుంచీ వాగు పక్కనున్న కింది మడి ఆమే నాటుకుంటోంది, ఏడాది తిండి దానిదే. చచ్చిపోయేముందు ఆయన ఆమెని దగ్గరికి పిలిచి, "కింది మడి వంశానిది కాదమ్మా. యుద్ధంలో ఉప్పు కరువైనప్పుడు మీ అవ్వ లానువో ఉప్పిచ్చి కొనుక్కుంది. అది నీకే" అన్నాడు. ఆ మాట విన్నది ఆమె ఒక్కతే.

చిక్కంతా అక్కడే వచ్చింది. మాలో వంశం భూమి మగబిడ్డకే పోతుంది. కొడుకు లేకపోతే తమ్ముడి కొడుక్కి పోతుంది. కొనుక్కున్న భూమైతే కూతురికి ఇచ్చుకోవచ్చు, అడిగేవాడు లేడు. విజోలీకేమో వాళ్ళ నాన్న, కింది మడి కూడా తాతలదేనని చెప్పి పోయాడు. పైగా పోయిన వానాకాలం కొండచరియ జారి అతని పై మళ్ళు నాలుగూ వాగులో కలిసిపోయాయి. అతనికీ ఆ మడి కావాలి. పెద్దలు రెండుసార్లు కూర్చుని, చివరికి శనివారం ప్రమాణం అన్నారు.

ప్రమాణమంటే మాకు ఒళ్ళు జలదరిస్తుంది. మడిలో నిలబడి, మట్టి నాలిక మీద వేసుకుని, "ఇది మా తాతల భూమి కాకపోతే నా ఇల్లు నిలవకూడదు" అనాలి. అన్నాడంటే భూమి అతనిది, ఇక నోరెత్తకూడదు. అబద్ధమైతే ఏడాది తిరక్కుండా ఇంట్లో శవం లేస్తుంది. ఆ మాట వంశంలో మగవాడే అనాలి. నెయిసానోకి అన్నా లేడు, తమ్ముడూ లేడు.

శుక్రవారం పొద్దున్నే ఆమె విజోలీ వాకిట్లోకి వచ్చి నిలబడింది. అతను తుపాకీ ముక్క ఒకటి ముందు పెట్టుకుని నూనె గుడ్డతో రుద్దుతున్నాడు.

"తమ్ముడూ, ఆ చెత్త పక్కన పెట్టి యంత్రం తీసుకురా. కింది మడికి పోదాం."

"పదిసార్లు వెతికానక్కా. రెండు తూటాలూ ఒక బకిలూ తప్ప ఏం లేవు."

"పదకొండోసారి వెతుకు. ఉప్పు పుచ్చుకుని మడి ఇచ్చిన జాపూ తాత ఆ ఉప్పుని అక్కడే పాతిపెట్టాడని నాన్న చెప్పాడు. జపానువాళ్ళు ఇళ్ళన్నీ సోదా చేస్తున్నారు, ఇంట్లో ఎలా పెట్టుకుంటాడు? ఆ నెల్లోనే అడవిలో తలదాచుకున్నచోట విరేచనాలు పట్టుకుని పోయాడు. మళ్ళీ తవ్వుకున్నవాడు లేడు."

"పెదనాన్న జ్వరంలో ఏదో అన్నాడు. దాన్ని పట్టుకుని..."

"జ్వరంలోనే అన్నాడనుకో. మట్టి నాలిక మీద వేసుకునేది నువ్వు. మరి తగిలేది ఎవరికిరా? నీ ఇద్దరాడపిల్లలకి. నేను ఎత్తుకు తిరిగిన పిల్లలు. నాకు మడి పోతే ఎక్కడో కూలికి పోయి బతుకుతాను. వాళ్ళకేమన్నా అయితే నేను తట్టుకోలేను, నువ్వూ తట్టుకోలేవు."

విజోలీ గుడ్డ పక్కన పడేశాడు. అతనికి కూడా వారం రోజులుగా అన్నం సయించడం లేదు. కాకపోతే మగవాడాయె, ఆ మాట పైకి అనడు.

మడిలో మధ్యాహ్నం దాకా వెతికారు. విజోలీ ముందు, ఆమె వెనక. గట్టు వెంబడి ఒకసారి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. ఏమీ లేదు. ఇద్దరూ రాతికట్టు మీద కూర్చుని, ఆమె ఆకులో కట్టి తెచ్చిన అన్నం, పొగబెట్టిన పందిమాంసం పంచుకుని తిన్నారు. రేపు ఒకళ్ళ కడుపు మీద ఒకళ్ళు కొట్టబోతున్నా, కారం సరిపోలేదని అతను సణగడమూ, మీ ఆవిడ చేత చేయించుకోమని ఆమె కసరడమూ మామూలే.

"యంత్రం మీద ఆ మీట ఎందుకురా?" అంది నెయిసానో, చేతులు కడుక్కుంటూ.

"చెత్త వినపడకుండా. మన ఊరి గట్లనిండా చేపల డబ్బాలు, బీరు డబ్బాలు. అవన్నీ పలికితే చెవులు పోతాయి. తుపాకులకీ హెల్మెట్లకీ సరిపడా పెట్టాను."

"ఒరే తెలివైనవాడా! ఉప్పు హెల్మెట్లో ఇస్తారా, తుపాకీలో పోసిస్తారా? రేకు డబ్బాలో ఇస్తారు. తిప్పు దాన్ని!"

మీట తిప్పగానే మడంతా గొడవ. పోయినేడు నాట్లకొచ్చిన కుర్రాళ్ళ పాటలు, ఎవడో పెళ్ళాన్ని తిట్టిన తిట్లు, ఒక కుక్క. విజోలీ మొహం చిట్లించుకుని ఒక్కొక్కటే దాటుకుంటూ వాగువైపు మూలకి వెళ్ళాడు. అక్కడ ఆగాడు. యంత్రాన్ని వెనక్కి జరిపాడు, ముందుకి జరిపాడు.

"ఏంటి?" అంది ఆమె.

"ఏం లేదు. చేపల డబ్బా."

నాలుగడుగులు వేశాడు. ఐదోది పడలేదు. పోయిన మళ్ళు నాలుగూ అతని కళ్ళముందు ఉన్నాయి, తను చెప్పకపోతే ఎవరికీ తెలియదన్న సంగతీ ఉంది. ఒక్క గునపం పోటు వేస్తే చాలు, గాలి తగిలి ఆ డబ్బా జన్మలో నోరు విప్పదు. గునపం చేతిలోనే ఉంది. విజోలీ దాన్ని గట్టు అవతలికి విసిరేసి, వెనక్కి వచ్చి హెడ్‌ఫోన్ తీసి అక్క తలకి పెట్టాడు.

ముందు దగ్గు వినిపించింది. తర్వాత ఒక మగ గొంతు. "ఇంకాస్త పొయ్యి, లానువో. నీకిచ్చేది మడి, కోడిపెట్ట కాదు."

"డబ్బా నిండింది. ఇంకెక్కడ పొయ్యను, నీ నెత్తినా?"

మగమనిషి నవ్వాడు, మళ్ళీ దగ్గాడు. "సరే. ఇవాళ్టి నుంచి ఈ కింది మడి నీది. నీ మొగుడిది కాదు, అతని వంశానిదీ కాదు. తూటాల మధ్య ఉప్పు మోసుకొచ్చింది నువ్వు. నీ ఇష్టమొచ్చినవాళ్ళకి ఇచ్చుకో."

"ఆ మాట గట్టిగా అను."

"అబ్బ! లానువోది, లానువోది, లానువోది! చాలా? పాతేద్దాం ముందు, విమానం వస్తోంది."

తర్వాత మట్టి పడుతున్న చప్పుడు. నెయిసానోకి అవ్వంటే పళ్ళూడిన ముసలమ్మే తెలుసు. ఈ గొంతు పాతికేళ్ళ పిల్లది. వింటూ వింటూ ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నెత్తినా అంటోందిరా" అని మడిలోనే చతికిలబడింది.

పెద్దల్ని పిలుచుకొచ్చింది విజోలీయే. ఎర్ర శాలువాల్లో ఐదుగురు వచ్చి, వరసగా హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు. అందరికన్నా పెద్దవాడు నిసేలీ తాత. ఆయనకి చెవుడు కాబట్టి రెండుసార్లు విన్నాడు.

"జాపూ దగ్గే" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నన్ను భుజానెక్కించుకుని తిప్పేవాడు. ప్రమాణం అక్కర్లేదు. మడి లానువోది, అంటే నెయిసానోది. ఎవరికన్నా అభ్యంతరమా?"

అందరికన్నా ముందు విజోలీయే లేదన్నట్టు తలూపాడు. పెద్దలు కొండెక్కి వెళ్ళిపోయారు. విజోలీ గట్టు అవతలికి పోయి గునపం వెతికి తెచ్చుకున్నాడు. మొహం ఎటు పెట్టుకోవాలో తెలియక దాని మట్టి గీకుతూ కూర్చున్నాడు.

"తవ్వి ఇవ్వనా అక్కా? నీ డబ్బా. ఇంట్లో పెట్టుకుంటావేమో."

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను." ఆమె వచ్చి పక్కన కూర్చుంది. "ఈ ఏడు ఇద్దరం కలిసి నాటుకుందాం. పండింది చెరి సగం. నా తర్వాత ఈ మడి నీ పెద్దమ్మాయి అవినోకి."

విజోలీ తలెత్తాడు. అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అతనికీ కొడుకులు లేరు. రేపు తను ప్రమాణం చేసి గెలిచి ఉంటే ఇది వంశం మడి అయిపోయేది. అతని తర్వాత ఏ దాయాది కొడుకో వచ్చి పట్టుకుపోయేవాడు, ఆడపిల్లలకి ఒక్క గట్టు కూడా మిగిలేది కాదు. ఓడిపోయాడు కాబట్టి మిగిలింది. అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

"ఏడుపు చాలు గానీ," అంది నెయిసానో, "రేపు పొద్దున్నే అవినోని ఇక్కడికి తీసుకురా. అవ్వ ఎలా బేరమాడిందో విని నేర్చుకోవాలి. ఆ పిల్ల మరీ మెతక."