పిట్ట ముట్టని బీరు

ఓదెలు చనిపోయిన సాయంత్రం నుంచి వైన్ షాపు పర్మిట్ రూములో ఇంటర్వెల్ నడుస్తోంది. సగం లైట్లే వెలుగుతాయి. గోడ మీద పొగ తాగరాదనే ప్రకటన, ప్లాస్టిక్ పైపుల ప్రకటన ఒకదాని తర్వాత ఒకటి పడుతుంటాయి. వాటిని వేసే మిషను ఎక్కడుందో ఎవరూ వెతకలేదు. గ్లాసులో పోసిన బీరు నురుగు పైకి లేస్తుంది కానీ కిందికి దిగదు. ఎంత తాగినా గ్లాసు నిండుగానే ఉంటుంది, ఎంత తాగినా ఎక్కదు. తాగేవాడికి ఇంతకన్నా పెద్ద శాపం ఏ ముని పెట్టగలడని రాజలింగు అంటాడు.

గుమ్మం దగ్గర పసుపు చొక్కా వేసుకున్న సినిమా హీరో నిలబడి ఉన్నాడు. తలుపు తట్టడానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. లోపలికి వచ్చేవాళ్ళు ఆ చేతి కింద నుంచి వంగి వస్తారు, బయటికి పోయేవాళ్ళు వంగి పోతారు.

సమ్మయ్య రోజూ పొద్దుగూకే వేళకి తన ఫొటో స్టూడియో మూసేసి వచ్చి, ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుంటాడు. ఆ కుర్చీ మీద ఓదెలు కర్చీఫ్ ఉంది. తెల్లది, నీలం అంచు. ఓదెలు బస్సు కండక్టరు. చొక్కా కాలరు మాయకుండా మెడ చుట్టూ దాన్ని మడిచి పెట్టుకునేవాడు. కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టుకునే ప్రయాణికులతో ఉద్యోగం పొడుగునా తగాదా పడ్డాడు. “గుడ్డ ఏస్తె సీటు నీదైతదా? మనిషి కూసోవాలె” అని అరిచేవాడు. పర్మిట్ రూములో మాత్రం తాను లేచినప్పుడల్లా కుర్చీ మీద కర్చీఫ్ వేసి మరీ పోయేవాడు. చెప్పేటందుకే నీతులు.

నలుగురు దోస్తుల్లో సినిమా చూసే పని ఓదెలుది. సమ్మయ్య, సిమెంటు దుకాణం రాజలింగు, టైలరు యాకూబ్ ఎప్పుడో చూడటం మానేశారు. డబ్బు పెట్టి చూసిన సినిమా కన్నా ఓదెలు నోట విన్న సినిమానే బాగుండేది. మొదటి బీరుకి ఇంటర్వెల్ దాకా చెప్పేవాడు. తర్వాత లేచి, వెనక గోడ దగ్గర పని చూసుకుని వచ్చి, రెండో బీరుకి మిగతా సగం చెప్పేవాడు. చెత్త సినిమాని కూడా బాగుచేసి చెప్పేవాడు. అది సినిమా తీసినవాళ్ళకి తెలిస్తే వచ్చి కాళ్ళ మీద పడేవాళ్ళు.

ఆఖరి సినిమా ఊళ్ళో పాత టాకీసులో ఒక్క ఆట ఆడింది. హాల్లో ఉన్నది ఓదెలు ఒక్కడే. మర్నాడు రీళ్ళ పెట్టె వెళ్ళిపోయింది, టాకీసు కూడా వెళ్ళిపోయింది. అది ఉన్నచోట ఇప్పుడు పల్లేరు మొక్కలు ఉన్నాయి.

కథ ఇది. పసుపు చొక్కా వేసుకున్న ఒకాయన చాలాకాలం తర్వాత ఇంటికి వస్తాడు. కిటికీలోంచి చూస్తే గోడకి తన ఫొటో, దానికి దండ. తలుపు కొడదామని చెయ్యి ఎత్తుతాడు. “ఇంటర్వెల్!” అని ఓదెలు బల్ల మీద చరిచాడు. కుర్చీ మీద కర్చీఫ్ వేసి, “ఇప్పుడే వస్త. నేను లేనప్పుడు ఎవడన్న కథ ముంగటికి నడిపిండో, చూస్కోండ్రి” అని బెదిరించి వెనక్కి వెళ్ళాడు. గోడ దగ్గరే పడిపోయాడు.

గుండె ఆగిందని డాక్టరు అంటాడు. కథ ఆపాడని సమ్మయ్య అంటాడు. అతనికి దుఃఖం కన్నా కోపమే ఎక్కువగా ఉంది. సగం కథ చెప్పి పోయేవాడు దోస్తు ఎట్లా అవుతాడు?

దండ వేయడానికి ఫొటో కావాలంటే ఓదెలు విడిగా దిగిన ఫొటో ఒక్కటీ దొరకలేదు. టాకీసు ముందు నలుగురూ కలిసి దిగిన దాంట్లోంచి సమ్మయ్యే అతన్ని కత్తిరించి పెద్దది చేశాడు. ఓదెలు భుజం మీద ఒక చెయ్యి మిగిలిపోయింది. దాన్ని తీసేస్తే భుజం కూడా పోతుంది. ఆ చెయ్యి సమ్మయ్యది. ఫొటో ఇచ్చి వచ్చినప్పటి నుంచి అతని కుడిచెయ్యి తేలికైపోయింది. ఏదీ పట్టదు. గ్లాసు ఎడమచేత్తో ఎత్తుతున్నాడు.

మూడోనాడు బొందలగడ్డ దగ్గర పిట్టకి పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి కాకి కోసం చూడాలి. కాకి ముడితే తృప్తిగా పోయినట్టు, ముట్టకపోతే మనసులో ఏదో మిగిలినట్టు. కోడికూర పెట్టారు, గారెలు పెట్టారు, శనగ గుడాలు పెట్టారు. బీరు లైటా స్ట్రాంగా అని దోస్తులు ముగ్గురూ శవం కాలిన చోటే వాదించుకుని, చివరికి స్ట్రాంగ్ మూత తీసి పెట్టారు. ఒక్కటే పెట్టారు.

కాకి వచ్చింది. విస్తరి చుట్టూ తిరిగింది. ముట్టలేదు. ఓదెలు అన్నదమ్ములు ఎండలో చేతులు జోడించి, ఇల్లు మేం చూసుకుంటామని మాట ఇచ్చారు. ఆ మాట కాకి కూడా నమ్మలేదు. అది వచ్చి రాజలింగు బండి వెనక సీటు మీద కూర్చుంది. అతను బండి తీస్తే రెక్కలు ముడుచుకుని పర్మిట్ రూము దాకా వచ్చింది. వచ్చి ఓదెలు కుర్చీ ఎక్కి, కర్చీఫ్ మీద సర్దుకుంది.

“రెండో బీరు పెట్టలేదురా మనం” అని యాకూబ్ తల పట్టుకుంటాడు.

రెండో బీరు తెప్పించి కాకి ముందు పెడతారు. కాకి సీసా వైపు చూస్తుంది, ముగ్గురి మొహాలూ చూస్తుంది, ముక్కు తిప్పుకుంటుంది. రెండో బీరు కథతో పాటే దిగుతుంది. ఆ సంగతి అందరికంటే కాకికే బాగా గుర్తుంది.

ఓదెలు భార్య స్వరూప హీరో చేతి కింద నుంచి వంగి లోపలికి వస్తుంది. ఈ గదిలోకి ఇంతవరకు ఆడమనిషి రాలేదు. ఎవరూ ఆశ్చర్యపోరు. ఇంటర్వెల్ లో ఎవరైనా ఎక్కడికైనా పోతారు.

“పిట్ట ముట్టలే. ముట్టెదాక ఇంట్ల పొయ్యి ముట్టియ్యద్దన్నరు” అంటుందామె. “పిల్లలు పక్కింట్ల తింటున్నరు. ఎన్నొద్దులు పెడ్తరన్నా వాళ్ళు?”

“మిగిలిన కథ మాకు గూడ తెల్వదు వదినా” అంటాడు యాకూబ్.

“తెల్వకుంటె అల్లుండ్రి. నాకెన్నడన్న ఒక్క కథ చెప్పిండా? ఇంటికొస్తె చెప్పులిడిచి పండుకునేటోడు. మాటలన్ని మీకే పెట్టిండు. ఆ మిగిలిన సగం గూడ మీరే కక్కుండ్రి.”

ఆమె బల్ల చివర స్టూలు లాక్కుని కూర్చుంటుంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. అది ఎప్పుడో అయిపోయినట్టుంది. గుమ్మం వైపు చూసి, “ఆయనకు చెయ్యి నొయ్యదా?” అని అడుగుతుంది.

“ఇంటర్వెల్ల నొయ్యదమ్మా” అంటాడు హీరో.

ముందు రాజలింగు మొదలుపెడతాడు. అతని కథలో ఆ ఇంట్లో ఉన్నది హీరో వాళ్ళన్న. తమ్ముడు చచ్చాడని భూమి కోసం పుకారు పుట్టించి ఫొటోకి దండ వేశాడు. రాజలింగుకీ అతని అన్నకీ మాటలు లేక చాలా ఏళ్ళయింది. అందుకే కథ జోరుగా సాగుతుంది. హీరో చెయ్యి దించి బయటికి పోతాడు. బయట దెబ్బల చప్పుళ్ళు, సిమెంటు బస్తాలు పగిలిన చప్పుళ్ళు వినిపిస్తాయి. కాసేపటికి నిలువెల్లా బూడిదరంగై తిరిగొచ్చి, దగ్గి, మళ్ళీ చెయ్యి ఎత్తుకుని నిలబడతాడు. కాకి ముట్టదు.

యాకూబ్ కథలో భార్య తలుపు తీస్తుంది. పసుపు చొక్కా గుండీలు తాను కుట్టినవేనని దారం చూసి గుర్తుపడుతుంది. ఇద్దరూ వానలో కావలించుకుంటారు. హీరో పోయి, తడిసి ముద్దై వచ్చి, చొక్కా అంచు పిండుకుంటాడు. యాకూబ్ ఒక్కడే కళ్ళు తుడుచుకుంటాడు.

“నీకు ఏడుపొస్తలేదా?” అని కాకిని నిలదీస్తాడు. కాకి పైపుల ప్రకటన చూస్తోంది.

ఇక అందరూ సమ్మయ్య వైపు తిరుగుతారు.

“నేను చెప్ప” అంటాడు సమ్మయ్య.

“ఎందుకు చెప్పవు?”

“చెప్తె అయిపోతది.”

“అయిపోవాలనే కదరా” అని రాజలింగు గొంతు పెంచుతాడు. “సచ్చినోని కుర్సీకి కావలి కాసుకుంట బతికున్నోళ్ళను ఉపాసం పెడ్తవా?”

“ఎవడు సచ్చిండు? బయటికి పోయిండు, అంతే. ఇంటర్వెల్ల ఎవ్వడు సావడు.”

సమ్మయ్యకి తన మాట మీద తనకే నమ్మకం లేదు, కానీ వెనక్కి తీసుకునే ఉద్దేశమూ లేదు. లైట్లు ఆరితే ఆ కుర్చీ ఎవడో లాక్కుపోతాడు. ఓదెలు అనేవాడు కూర్చున్న చోట ఎవడో గుడ్లు ఒలుచుకుని తింటాడు. దానికన్నా ఎక్కని బీరు నయం.

అప్పుడు హీరో ఖాళీగా ఉన్న చేత్తో, చెవిలో చిటికెన వేలు పెట్టి తిప్పుకుంటాడు. వేలు తీసి, చూసి, ఊదుతాడు.

సమ్మయ్య లేచి నిలబడతాడు. “ఏయ్, అది మావోని అలవాటు. నీకెక్కడిది?”

“నన్ను చూసినోడు ఆయనొక్కడే” అంటాడు హీరో. “నాకున్నయన్ని ఆయనయే.”

“మరి నీకన్న చెప్పిండా ఆఖరుకు ఏమైతదో?”

“చెప్పలే. తలుపు లోపటున్నోళ్ళు చెప్తరన్నడు.”

ఆ గుమ్మానికి ఇంతవరకు తలుపు లేదు. ఇప్పుడు ఉంది. పాత ఆకుపచ్చ రంగు తలుపు, లోపలి వైపు గడియ. అది మూసుకుని ఉంది, హీరో అవతలకి పోయాడు. మిగతావాళ్ళంతా లోపల ఉన్నారు. బయటి నుంచి తట్టిన చప్పుడు వినిపిస్తుంది. మరీ గట్టిగా కాదు. తెలిసినవాళ్ళ ఇంటికి వచ్చినవాడు కొట్టినట్టు.

స్వరూప కదలదు. “నేను తియ్య. నాకు కథలు తెల్వయి” అంటుంది.

సమ్మయ్య పోయి ఎడమచేత్తో గడియ తీస్తాడు.

పసుపు చొక్కా అదే. ఇన్ని రోజులూ ఆ చేతినే చూశారు తప్ప మొహం ఎవరూ చూడలేదు. మొహం ఓదెలుది. మెడ చుట్టూ ఏమీ లేదు. కాలరు చెమటకి నల్లబడింది.

“సమ్మిగా, నా సీటున్నదా?”

ఓదెలు సమ్మయ్య భుజం మీంచి లోపలికి చూస్తాడు. గోడ మీద ప్రకటనలు ఆగిపోయి, దండ వేసిన ఫొటో పడుతోంది.

“ఫొటో మంచిగొచ్చింది” అంటాడు. “భుజం మీద ఆ చెయ్యి ఎవలది?”

“నాది.”

“తీస్కో మరి. నీకు పనులుండయా?”

లోపలికి రారా అనడానికి సమ్మయ్య నోరు తెరుస్తాడు. రెండో బీరు మూత తీసే ఉంది. గుడాలు ఉన్నాయి, ఉల్లిగడ్డ ఉంది, మిగతా సగం కథ ఆ మనిషి నోట్లోనే ఉంది. ఒక్క అడుగు పక్కకి జరిగితే చాలు. వెనక స్వరూప స్టూలు కిర్రుమంటుంది. పక్కింటి గిన్నెల్లో చేతులు పెట్టి, ఇంకొంచెం అడగాలా వద్దా అని చూసే పిల్లల్ని అతను ఎన్నడూ చూడలేదు. అయినా ఇప్పుడు వాళ్ళే కనిపిస్తున్నారు.

అరే, ఒరే, బద్మాష్ అని తప్ప జన్మలో ఓదెలుని ఇంకోలా పిలవని సమ్మయ్య, గొంతు సవరించుకుంటాడు.

“మీరెవలో మాకు తెల్వదండి.”

ఓదెలు తల ఊపుతాడు. కథ వింటున్నప్పుడు వీళ్ళు ఊపినట్టు, మెల్లగా ఊపుతాడు.

“సినిమాల గిట్ల లేకుండె” అంటాడు. “నీదే మంచిగున్నది.”

ఆ మెచ్చుకోలు సమ్మయ్యని నిలువునా కోస్తుంది. ఏం ఉండెరా సినిమాల అని అడగాలనుకుంటాడు. తెలియనివాళ్ళని అలా అడగకూడదు.

“ఆ కర్చీఫ్ ఇప్పియ్యండి” అంటాడు ఓదెలు. అతనూ అండీ అనే అంటున్నాడు. “మెడంత చెమటున్నది. దూరం పోవాలె.”

కాకి మర్యాదగా లేచి పక్కకి తప్పుకుంటుంది. సమ్మయ్య కర్చీఫ్ తెచ్చి ఇస్తాడు. ఓదెలు ఒక అంచు పట్టుకుంటాడు. రెండో అంచు వదలకముందే, మనసు మారకముందే, సమ్మయ్య తలుపు మూసేస్తాడు. గడియ వేస్తాడు.

కాకి సీసాలో ముక్కు ముంచుతుంది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. స్వరూప దాన్ని కళ్ళారా చూసి, కొంగు దులుపుకుని, “పోయిండు” అని మాత్రం అంటుంది. తలుపు వైపు పోకుండా వెనక గోడలోంచి ఇంటికి వెళ్ళిపోతుంది. కొంచెం సేపటికి ఎక్కడో పొయ్యి అంటుకున్న వాసన వస్తుంది.

లైట్లు ఆరిపోతాయి. గ్లాసుల్లో బీరు ఒక్కసారిగా అడుక్కి దిగుతుంది. ఇన్నాళ్ళ నిషా రాజలింగుకి ఒక్కపెట్టున ఎక్కుతుంది. బల్ల మీద తల పెట్టుకుని, అన్నని పేరు పెట్టి పిలుస్తూ వెక్కి వెక్కి ఏడుస్తాడు. గోడ తెల్లగా వెలుగుతుంది. దాని మీద ఏ బొమ్మా పడదు.

సమ్మయ్య పిడికిట్లో నీలం అంచు ఇంకా ఉంది. మిగతా గుడ్డ తలుపు కింద నుంచి బయటికి పోయింది. కుడిచేతికి బరువు తిరిగి వచ్చిందని అతనికి అప్పుడు తెలుస్తుంది. లాగుతాడు. మూరెడు వస్తుంది. మళ్ళీ లాగుతాడు. ఇంకా వస్తుంది. యాకూబ్ వచ్చి పక్కన చతికిలబడి, టైలరు చేతులతో మడతలు పెడతాడు. మడతలు కుర్చీని నింపి, బల్లని నింపి, రాజలింగు వీపుని కప్పేసి, కాకి కాళ్ళ దాకా వస్తాయి. ఎంత లాగినా రెండో అంచు రాదు.

బయట ఎక్కడో, చాలా దూరంలో, కండక్టరు విజిల్ వినిపిస్తుంది. బస్సు కదిలిన చప్పుడు మాత్రం రాదు. సమ్మయ్య లాగుతూనే ఉంటాడు. చేతుల్లోకి వస్తున్న గుడ్డ చెమటతో తడిగా ఉంది. ఇప్పుడే మెడ మీంచి తీసినట్టు, వెచ్చగా ఉంది.