పూర్తి పేరు

బిషప్ ఎనోస్ థార్ప్ మోకాళ్ల లోతు నీళ్లలో దిగి కాలువ తూము పలక దించుతున్నాడు. అరవై ఎనిమిదేళ్ల నడుము కలుక్కుమంది. బిషప్ అంటే పట్టువస్త్రాలూ సింహాసనమూ అనుకునేరు! మా యూటా లోయలో బిషప్ అంటే జీతం లేని చాకిరీ. నీళ్ల వంతులు తేల్చాలి, తగాదాలు తీర్చాలి, జబ్బు చేసిన ప్రతి ఇంటికీ ఆలివ్ నూనె బుడ్డి పట్టుకుని పరుగెత్తాలి. ఇరవై రెండేళ్లలో ఆయన ఏ ఒక్క ఇంటికీ రానని అనలేదు.

"మీ ప్రార్థనలకి మా బంగాళదుంపలు ఊరవండీ బిషప్ గారూ! ఇంకో గంట నీళ్లొదలండి," అన్నాడు గట్టు మీంచి ఏసా.

"నీ వంతు అయిపోయిందయ్యా. నీ నోట్లో ఉన్న తడి చాల్లే, పొలమంతా పారుతుంది."

అంతలో మంత్రసాని బోడిల్ బండి వచ్చి ఆగింది. "ఆనెట్టాకి ఊపిరి అందట్లేదు. మీ చేత్తోనే దీవెన కావాలంటోంది. గుమ్మంలో పోలీసు డిప్యూటీ కూర్చునున్నాడు, చూసుకోండి మరి," అంది.

పలక ఆయన చేతిలోంచి జారి నీళ్లలో పడింది.

ఆనెట్టా ఆయన రెండో భార్య. మా సంఘంలో అది తప్పు కాదు, ప్రభుత్వం చట్టంలో నేరం. ఇద్దరు భార్యలున్న మా మగవాళ్లను ప్రభుత్వం వెతికి వెతికి జైల్లో వేస్తున్న రోజులవి. ఆరేళ్ల కిందట న్యాయమూర్తి అడిగితే, "ఆవిడ మా సంఘంలో మనిషి, నాకేమీ కాదు," అని బైబిలు మీద ఒట్టేసి చెప్పాడు ఎనోస్. ఆనెట్టా తల వంచుకుని అవునంది. అప్పటినుంచి కాలువ చివర ఒంటిగదిలో, రైబర్గ్ అనే పుట్టింటి పేరుతో బతికింది. ఆదివారం ఎదురుపడితే అందరిలాగే "బిషప్ గారూ" అని పలకరించేది.

ఎనోస్ తడి బూట్లతోనే గదిలోకి వెళ్లాడు. ఆమె మెడ ఎముకలు పైకి తేలి ఉన్నాయి. నెరిసిన జడ మాత్రం శుభ్రంగా అల్లి ఉంది. ఆ పూట బోడిల్ చేత అల్లించుకుందట.

"దీవించుకోండి, నేనేం అడ్డురాను. వినడానికే కూర్చున్నా," అన్నాడు డిప్యూటీ, పొగాకు నములుతూ.

మాలో నూనె తల మీద వేసి, మనిషిని పూర్తి పేరుతో పిలిచి దీవించాలి. ఆ పిలుపు కోసమే ఆమె కబురంపింది. ఎనోస్ వంగగానే చెవిలో అంది: "ఈ ఒక్కసారికి మీ ఇంటిపేరుతో పిలవండి. ఇంకేమీ అడగను."

నూనె చుక్క ఆమె పాపిట్లోకి జారింది. ఎనోస్ రెండు చేతులూ ఆమె తల మీద పెట్టాడు. గుమ్మంలో నమలడం ఆగింది. జైలుకు వెళ్లి దగ్గుతో తిరిగొచ్చిన ముసలివాళ్లు ఆయనకు గుర్తొచ్చారు. భయమేసింది.

"ఆనెట్టా రైబర్గ్," అన్నాడు.

చేతుల కింద ఆమె తల కొద్దిగా కదిలింది. మిగతా ప్రార్థన ఏం చేశాడో ఆయనకే తెలియదు.

"మంచిదండీ బిషప్ గారూ," అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మధ్యాహ్నం కాకముందే ప్రాణం పోయింది. మొహం గోడవైపే ఉంది. డిప్యూటీ టోపీ తీసి లేచాడు. "పాపం, ఈవిడకి నా అన్నవాళ్లెవరూ లేరా?"

"ఉన్నాను. ఆవిడ నా భార్య. ఆనెట్టా థార్ప్," అన్నాడు ఎనోస్.

"ఇందాక ఏమైందయ్యా ఈ నోరు?" అంది బోడిల్, ఏడుస్తూ.

డిప్యూటీ తల గీరుకున్నాడు. "ఇప్పుడెందుకు ముసలాయనా? నేను విననట్టే ఉంటా. ఇంటికి పో."

"వినడానికే కూర్చున్నానన్నావుగా, విను." ఎనోస్ మంచం వైపు తిరిగి, కాలువ అవతలి మనిషిని కేకేసినట్టు పిలిచాడు. "ఆనెట్టా థార్ప్! ఆనెట్టా థార్ప్!"

తరవాత చేతులు రెండూ ముందుకు చాచాడు. డిప్యూటీ సంకెళ్లు వేసి, మెల్లగా నడిపించుకు వెళ్లాడు.

కిటికీ గట్టు మీద నూనె బుడ్డి మూత తీసే ఉంది. సగానికి పైగా నూనె అలాగే మిగిలింది.