కౌంటరమ్మ కొన్న వెనక వరుస

కౌంటరమ్మకి కోపం ముక్కు మీదే ఉండేది. గర్వమైతే ముక్కు దాటి నెత్తి మీద ఉండేది. ఉండదూ మరి! పెళ్ళయిన కొత్తలో సినిమా హాలు బుకింగ్ కిటికీ వెనక కూర్చున్న మనిషి, జుట్టు నెరిసేదాకా ఆ కుర్చీ దిగలేదు. కిటికీలోంచి చెయ్యి దూరగానే ఆ చెయ్యి ఎవరిదో, పక్కన ఎవరున్నారో, ఎక్కడ కూర్చోబెడితే గొడవ లేకుండా సినిమా చూసి వెళ్తారో ఆవిడకి ఇట్టే తెలిసిపోయేది. చంటిపిల్లల తల్లికి నడవా పక్కన, దగ్గులాయనకి తలుపు దగ్గర, కొత్త దంపతులకి వెనక వరుసలో. అడక్కుండానే ఇచ్చేది. అడిగితే మాత్రం కసిరేది.

ఆ హాల్లో ఒక పద్ధతి ఉండేది. స్ప్రింగు పోయిన కుర్చీ అమ్మాల్సివస్తే టిక్కెట్టు చింపకముందే చెప్పాలి. "ఈ కుర్చీ గుచ్చుకుంటుంది. ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే సాయంత్రం రండి" అని. ఈ పద్ధతి పెట్టింది యజమాని కాదు. ఈవిడే. యజమాని మొదట్లో లబోదిబోమన్నాడు గానీ, కౌంటరమ్మ ఎదట ఎవరి లబలబలు సాగాయి గనక!

ఆవిడ మొగుడు అదే హాల్లో ఆపరేటరు. కింద ఈవిడ టిక్కెట్లిస్తే పైన గదిలో ఆయన ఆట వేసేవాడు. కార్బన్ కడ్డీలు వెలిగించి బొమ్మ చూపించే పాత మిషను ఆయన చేతిలో పెంపుడు పిల్లిలా ఉండేది. ఒకసారి రీళ్ళ పెట్టె భుజాన పెట్టుకుని ఇనప నిచ్చెన ఎక్కుతూ జారి పడ్డాడు. కుడి మోకాలు మళ్ళీ వంగలేదు. కర్రలా అలా చాచిన కాలితోనే మిగతా ఉద్యోగమంతా చేశాడు. పనిలో ఏనాడూ ఆ కాలు ఆయనకి అడ్డు రాలేదు, ఎందుకంటే ఆపరేటరు కూర్చోడు. బొమ్మ ఆడినంతసేపూ నిలబడే ఉంటాడు.

ఇద్దరూ ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో ఒక కబురు వచ్చింది. ఎక్కడో సముద్రాల అవతల ఒక పాత సినిమా హాలుని బాగుచేయించారట. పాత మిషనునే పెట్టారట. దాన్ని నడిపిన చేతులు ఇంకా ఎక్కడున్నాయా అని వెతికితే ఈయన పేరు దొరికిందట. "మొదటి ఆట మీరే వేయాలి, మీ ఇద్దరికీ విమానం టిక్కెట్లు మావే, ఏ విమానమో మీరే చెప్పండి" అని వాళ్ళు రాసినది కూతురు చదివి వినిపించింది. ఆపరేటరు మొహం మతాబులా వెలిగింది. విమానం అన్న మాట దగ్గరికొచ్చేసరికి ఆరిపోయింది.

"నేను వెళ్ళనే" అన్నాడు.

ఎందుకో కౌంటరమ్మకి తెలుసు. అంతకుముందు తమ్ముడి ఇంటికని ఒకే ఒక్కసారి విమానం ఎక్కాడు. కాస్సేపటి ప్రయాణమే. వంగని కాలు నడవాలోకి పెడితే తినుబండారాల బండి వచ్చి కొట్టుకుంది. లోపలికి పెడితే ముందు కుర్చీ వాడు వెనక్కి తిరిగి కేకలేశాడు. ఇటు మార్చి, అటు మార్చి, చివరికి దిగేసరికి నడుం పట్టేసి చక్రాల కుర్చీలో తోసుకురావాల్సి వచ్చింది. బయట తమ్ముడూ మరదలూ చూస్తుండగా తోపుడు బండిలో సామానులా వచ్చానే అని ఆయన కుమిలిపోయాడు. ఇక విమానం ఊసెత్తొద్దన్నాడు.

"అప్పుడంటే ఏదో కాస్సేపు. ఇది పొద్దున ఎక్కితే రాత్రికి గానీ దిగం. పెద్ద కుర్చీల టిక్కెట్టు వాళ్ళూ ఇవ్వరు, మనమూ కొనలేం. ఆ కాలేసుకుని అక్కడికెళ్ళి, మళ్ళీ బండిలో దిగి, మిషను దగ్గర నిలబడలేకపోతే? వద్దే. ఇక్కడే పరువుగా ఉంటా."

కౌంటరమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "ఇన్నేళ్ళూ ఊరందరికీ సీట్లిచ్చానండీ. మొగుడికి ఒక్క సీటు ఇవ్వలేనా?"

"ఇదేమన్నా మ్యాట్నీ అనుకున్నావా?"

ఆ మాట దగ్గర కౌంటరమ్మకి ఏదో ఆలోచన తగిలింది.

మర్నాటి నుంచి కూతురి కంప్యూటరు ముందు మకాం పెట్టింది. ఆ ఊరికి వెళ్ళే విమానాలన్నీ తీయించింది. లోపల కుర్చీల బొమ్మలు తీయించింది. నిండినవి ఒక రంగు, ఖాళీవి ఒక రంగు.

"అమ్మా, ఈ బొమ్మని నమ్మకు" అంది కూతురు. "చాలామంది సీటు ముందుగా ఎంచుకోరు. ఇవాళ ఖాళీగా కనిపించినవన్నీ ఆ రోజుకి నిండిపోతాయి."

"ఆ మాత్రం తెలీదుటే! ఆటకి ముందు రోజు హాలు చూసి ఎవరైనా లెక్క చెప్తారా? గేటు వేసేటప్పుడు చూడాలి." అందుకని వెళ్ళబోయే విమానాలు కాక, వెళ్ళిపోతున్న విమానాల్ని రోజూ చూసింది. ఏది ఎలా నిండుతోందో, తలుపులు మూసే వేళకి ఏది వెలవెలబోతోందో. పొయ్యి మీద కూర మాడింది, కూతురి పని ఆగింది, ఆపరేటరు నవ్వాడు. ఆవిడ లెక్కచెయ్యలేదు.

చివరికి తేల్చింది. వారం చివర ఎప్పుడూ హౌస్‌ఫుల్లే. రాత్రి విమానాలూ అంతే, నిద్రపోతూ వెళ్ళి పొద్దున్నే పనిలో పడదామని జనం ఎగబడతారు. బళ్ళకి సెలవులిచ్చారా, ఇక అడగక్కర్లేదు. ఎవరికీ అక్కర్లేనిది ఒక్కటే ఉంది. వారం మధ్యలో, పట్టపగలు బయల్దేరి ఒక పగలంతా తినేసే విమానం. దానికో పెద్ద విమానాన్ని వేశారు, ఎక్కేవాళ్ళేమో తక్కువ.

"బుధవారం మ్యాట్నీ!" అని బల్ల మీద చరిచింది కౌంటరమ్మ. "మీ నోటితో మీరే అన్నారు కదండీ!"

ఇక సీట్లు. మధ్య వరుసలో నాలుగేసి కుర్చీలు. చెరో చివరా తాము కూర్చుంటే నడుమ రెండూ మిగులుతాయి. ముక్కూమొహం తెలియని ఇద్దరి మధ్య కావాలని కూర్చునే మనిషిని ఆవిడ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఏ వరుస? అదీ అడగాలా! వెనక వరుస. హాల్లో అన్నిటికన్నా మంచి చోటు అదే కదా. వెనక నుంచి తన్నేవాడుండడు, తల మీద మరమరాలు పోసేవాడుండడు.

"అమ్మా, విమానంలో చివరి వరుస ఎలా ఉంటుందో ఒకసారి ఎవర్నైనా అడుగుదాం" అని కూతురు నసిగింది.

"నాకు సీటు నువ్వు చెప్తావుటే? నీ పుట్టుకకి ముందు నుంచీ సీట్లిస్తున్నాను. నొక్కు!"

కూతురు కిమ్మనకుండా నొక్కింది. ఆపరేటరు మాత్రం ఒక్క మాటే అన్నాడు. "నీ మాట మీద ఎక్కుతున్నా. అక్కడ దిగేటప్పుడు నా కాళ్ళ మీద నేను దిగాలి. బండి తెచ్చారా, మిషను ముట్టుకోకుండా తిరిగొచ్చేస్తా."

"దించుతాను" అంది కౌంటరమ్మ. అని, ఆ రాత్రి నుంచి లోలోపల బెదురుతూనే ఉంది.

బుధవారం వచ్చింది. విమానం ఎక్కారు. నడవా వెంట వెనక్కి వెనక్కి నడిచి, చిట్టచివరి వరుసలో చెరో చివరా కూర్చున్నారు. సుఖంగా వాలి చూద్దామని కౌంటరమ్మ చేతి కింద మీట నొక్కింది. కుర్చీ కదల్లేదు. గట్టిగా నొక్కింది. ఊహూఁ. వెనక గోడ. వాలడానికి చోటేది? ఇంతలో ఎవరో వచ్చి వీపు వెనకే తలుపు తీసుకుని మరుగుదొడ్లోకి వెళ్ళారు. ఆయన రాకముందే ఇంకొకరు వచ్చి నిలబడ్డారు. కౌంటరమ్మకి తల కొట్టేసినట్టయింది. హాల్లో రాజాలాంటి చోటు, ఇక్కడ మరుగుదొడ్ల గుమ్మం! విమానంలో ఉన్న కుర్చీలన్నీ వదిలేసి, వాలని కుర్చీని ఏరి కోరి, కుంటి కాలి మొగుడికి కట్టబెట్టింది.

దాచుకుంటే ఎవరికీ తెలిసేది కాదు కాసేపు. కానీ పద్ధతి పద్ధతే.

"ఏవండీ" అంది. "ఈ కుర్చీ వాలదు. టిక్కెట్టు తీసేముందే మీకు చెప్పాల్సింది. నాకే తెలీలేదు. నా కళ్ళు నెత్తికెక్కాయి."

ఆపరేటరు ఏదో అనబోయేంతలో నడవాలో ఒక కుర్రాడు ఆగాడు. తాటిచెట్టంత మనిషి, భుజాన ఇంత సంచీ. చేతిలో కాగితం చూసుకున్నాడు, వాళ్ళిద్దరి మధ్యనున్న కుర్చీ చూశాడు. "నాది ఇదేనండీ" అన్నాడు దిగులుగా.

ఎవరూ రారనుకున్న చోటికి ఎవరో వచ్చారు. సీటు ఎంచుకోని వాళ్ళకి విమానం వాళ్ళే ఏదో ఒకటి అంటగడతారని ఆవిడ లెక్కలో లేకపోయింది. ఆపరేటరు చాచిన కాలు చేత్తో పట్టుకుని, దారివ్వడానికి పక్కకి లాక్కోసాగాడు. ఆ లాక్కోవడం చూసి ఆవిడకి ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు లేచింది ఆవిడలోని కౌంటరమ్మ.

"కూర్చో బాబూ, నీ సీటే, కాదనను. కానీ కూర్చునేముందే చెప్తున్నాను విను. ఈ కుర్చీ వాలదు. కావాలంటే నొక్కి చూడు. వెనక మరుగుదొడ్లు, దారంతా తలుపుల చప్పుడు. నీ కాళ్ళా, ఇంత పొడుగున్నాయి. అదిగో, ఆ రెక్క దాటాక కుడివైపు వరుసలు చూడు, ఎక్కడా నరపురుగు లేదు. నా మాట మీద వెళ్ళక్కర్లేదు. ఆ అమ్మాయిని అడుగు."

కుర్రాడు నొక్కి చూశాడు. వాలలేదు. ఎయిర్‌హోస్టెస్ వచ్చింది, సంగతి విని నవ్వింది. "తలుపులు మూశాక ఖాళీగా ఉన్నవాటిలో మారొచ్చండీ. ఇవాళ బోలెడున్నాయి" అంది. తలుపులు మూశారు. కుర్రాడు సంచీ తీసుకుని, "థాంక్సండీ, మీరు చెప్పకపోతే ఇక్కడే ఇరుక్కునేవాణ్ణి" అని వెళ్ళి మూడు కుర్చీలు ఏకంగా ఆక్రమించాడు.

"అమ్మేశావే!" అన్నాడు ఆపరేటరు.

"అబద్ధం ఒక్క ముక్క చెప్పానా?"

"చెప్పలేదు. అదే చోద్యం."

విమానం గాల్లోకి లేచి బెల్టుల దీపం ఆరాక, ఎయిర్‌హోస్టెస్ మళ్ళీ వచ్చింది. "మీరు కూడా ముందుకి వస్తారా? వాలే సీట్లున్నాయి" అని అడిగింది. కౌంటరమ్మ గబుక్కున లేవబోయింది. తప్పు దిద్దుకునే దారి దొరికింది కదా అని.

ఆపరేటరు కదల్లేదు. నడుమనున్న కుర్చీల చేతులు పైకి లేపేశాడు. వీపుకి దిండు పెట్టుకుని అడ్డంగా తిరిగి, వంగని కాలు ఆ ఖాళీ కుర్చీల మీదుగా బారుగా చాచాడు. మడమ వచ్చి భార్య తొడకి ఆనింది. "నేను ముందుకి తిరిగి కూర్చుంటే కదే వాలడం! నాకు వాలే కుర్చీ దేనికి? కాలికి చోటు కావాలి, ఇచ్చావు. లేవాలనిపిస్తే వెనకే ఇంత జాగా ఉంది, ఎవర్నీ బతిమాలక్కర్లేదు, ఇచ్చావు." ఎదట చీకటి చేసిన విమానం కేసి చూశాడు. ముందు వరుసల్లో బుల్లి తెరలు వెలుగుతున్నాయి, తలలన్నీ వాటికేసి తిరిగి ఉన్నాయి. "బతుకంతా అందరి వెనకా గోడకి ఆనుకుని నిలబడ్డవాణ్ణి. నా చోటుకే నన్ను తెచ్చావు. ఇంక నోరు మూసుకుని పడుకో."

ఆవిడ నోరు మూసుకుంది గానీ పడుకోలేదు. ఆయన కాలు ఒళ్ళోకి తీసుకుని ఒత్తుతూ కూర్చుంది. ఆయన నిద్రపోయాడు. లేచి వెనక నిలబడి టీ తాగాడు. మరుగుదొడ్డి లైన్లో నిలబడ్డవాళ్ళకి రీళ్ళ కథలు చెప్పాడు. తన వంతు వచ్చినా లోపలికి వెళ్ళకుండా ఒకాయన కథ పూర్తయ్యేదాకా నిలబడిపోయాడు. అది చూసి కౌంటరమ్మకి ఏనుగెక్కినంత సంబరం.

దిగేటప్పుడు విమానం గుమ్మంలో చక్రాల కుర్చీ ఉంది. భయంకొద్దీ కూతురు ఇద్దరికీ తెలియకుండా చెప్పి పెట్టించింది. కుర్చీ పట్టుకున్నతను ఈయన కాలు చూసి ముందుకొచ్చాడు.

ఆపరేటరు చేతిసంచీ తీసి ఆ కుర్చీలో పెట్టాడు. "దీన్ని తోసుకురా బాబూ, బరువుగా ఉంది" అని, చొక్కా సర్దుకుని, కాలు ఈడ్చుకుంటూ ముందు నడిచాడు. బయట ఆ హాలు వాళ్ళు పూలతో నిలబడ్డారు. తన కాళ్ళ మీదే వెళ్ళి అందుకున్నాడు. వెనక కౌంటరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఎవరైనా చూశారేమోనని చుట్టూ గుర్రుగా చూసింది.

మొదటి ఆట రోజు ఆవిడకి ముందు వరుసలో మెత్తటి కుర్చీ అట్టేపెట్టారు. వద్దంది. చిట్టచివరి వరుసకి వెళ్ళి, మిషను గది కిటికీ కిందే కూర్చుంది. ఉద్యోగమున్నన్నాళ్ళూ ఆట మొదలయ్యే వేళకి ఆవిడ కౌంటరులోనే ఉండేది. మొగుడు మొదటి బొమ్మ వేయడం ఒక్కనాడూ చూడలేదు.

దీపాలు ఆరాయి. పైన కడ్డీలు చిటపటలాడాయి. తల మీదుగా తెల్లటి వెలుగు దూసుకెళ్ళి తెర మీద విచ్చుకుంది. జనమంతా తెర చూస్తుంటే ఆవిడ మెడ తిప్పి పైన కిటికీ చూసింది. ఆ కిటికీలో ఆయన నీడ నిలబడి ఉంది, నిటారుగా.

"ఆ పైనున్నది మా ఆయన" అంది పక్కనున్నావిడతో. "నేనే తీసుకొచ్చాను."

ఎదటి వరుసలోంచి ఎవరో "ష్" అన్నారు. బతుకంతా హాల్లో జనం నోళ్ళు మూయించిన మనిషి కౌంటరమ్మ. తనని ష్ అన్నందుకు ఏ కోపమూ రాలేదు. ఇంకాస్త గట్టిగా, అందరికీ వినబడేలా, ఇంకోసారి చెప్పింది.