వరండా చివరి దాకా

చెయ్యేరు పొంగి మా బడి ప్రహరీ గోడను పట్టుకుపోయిందే, దాని మరుసటి ఏడు జరిగింది ఇది. గోడ పోయింది, గేటు మాత్రం నిలిచింది. గోడ లేని ఆ చోటు దాటితే మంగంపేట గనుల నుంచి ముగ్గురాయి మోసే లారీలు పోయే రోడ్డు.

నా మనవరాలు మెహనాజ్‌కు ఏడేళ్లు. మాట లేదు. కర్నూలు దాకా పోయి చూపిస్తే ఆటిజం అన్నారు. రెండో తరగతిలో కూర్చున్నది కూర్చున్నట్టే లేచి బయటికి పరుగు తీసేది. అందుకని హెడ్మాస్టరు వెంకటేశ్వర్లు నన్ను పక్కన కూర్చోమన్నాడు. దాని మణికట్టు పట్టుకుని సాయంత్రం దాకా కూర్చునేవాణ్ణి. లేస్తే లాగి కూర్చోబెట్టేవాణ్ణి. అది నేలకు తల కొట్టుకునేది.

బళ్లో అన్నం వండే గిడ్డమ్మ కిటికీలోంచి నవ్వేది.

"ఏం సాయిబూ, మళ్లా బళ్లో చేరినావే. ఎక్కాలు వచ్చినాయా?"

"మూడో తరగతి దాకా చదివినోణ్ణి. ఇప్పుడు రెండుకు దిగినా."

"ఇంగ ఫెయిలైనట్టే పో!"

ఒక సోమవారం పిల్ల నుదురు చిట్లింది. హెడ్మాస్టరు తేల్చి చెప్పేశాడు.

"నా వల్ల కాదు పెద్దాయనా. లారీ కిందికి పోతే ఎవురు జవాబు చెప్పాల? ఇంటికాడ పెట్టుకో."

వాళ్లమ్మ గనిలో పనికి పోతుంది. ఇంట్లో పెట్టుకోవడమంటే తలుపుకు గొళ్లెం వేయడమే.

కొత్తగా వచ్చిన సాహితి టీచరు అడ్డం వచ్చింది. "సార్, పిల్లోళ్లంతా ఒక్కసారిగా గట్టిగా చదివినప్పుడే లేస్తాండాది. ఆ గోల తట్టుకోలేక పోతాండాదేమో. యాడికి పోతాదో ఒక్కసారన్నా చూసినామా?"

"చూసేదేముంది? రోడ్డుకే."

"ఎవరన్నా పోనిచ్చినారా?"

అంతకుముందు గుమ్మం దగ్గరే పట్టుకొచ్చేవాళ్లు. నేనైతే ద్వారం దాటనిచ్చింది లేదు.

"తాతా, నువ్వు రోడ్డు పక్కన నిలబడు. నేను దాని వెనకాల వస్తా, ముట్టుకోను," అంది టీచరు.

పోయి నిలబడ్డాను. కాళ్లు ఒకచోట ఉండలేదు. తువ్వాలు విప్పాను, చుట్టుకున్నాను, మళ్లీ విప్పాను. లోపల ఎక్కాలు మొదలయ్యాయి. మెహనాజ్ ఒక్క ఊపున బయటపడింది. ఇవతల లారీ మోత. రోడ్డుకు అడ్డంగా రెండు చేతులూ చాపాను.

పిల్ల రోడ్డు వైపు రాలేదు. తరగతి గోడకు అరచెయ్యి రాసుకుంటూ వరండా చివరి దాకా పరుగెత్తింది. అక్కడ ముందుకూ వెనక్కూ ఊగింది. లోపల చదువు ఆగింది. ఊగడం తగ్గింది. ఎవరూ పిలవకుండానే తిరిగిపోయి తన చోట కూర్చుంది. నేను కిటికీ దగ్గరికి వచ్చి చూశాను. పక్క పిల్ల పుస్తకం వైపు ఓరగా చూసి, తన దాంట్లో అదే పేజీ తీసింది.

"చూసినారా సార్? దానికి అన్నీ అర్థమైతాండాయి. నోటికి రాదు, అంతే," అంది టీచరు. పిల్లల వైపు తిరిగి, "మెహనాజ్ బయటికి పోతే ఎవరూ పట్టుకోవద్దు. వస్తాది. ఎక్కాలు ఇంక మెల్లగానే," అని చెప్పింది. దాని ముందు ఎర్ర అట్టముక్క ఒకటి పెట్టింది, పోవాలనిపిస్తే తన చేతికిమ్మని.

హెడ్మాస్టరు నెమ్మదించాడు. "సరే, ఉండనీ. ఒక్కసారి రోడ్డెక్కిందంటే మాత్రం నన్ను అడగొద్దు."

"తాత లోపల ఉండకూడదు సార్. పక్కనుంటే పట్టుకోకుండా ఉండలేడు," అంది టీచరు.

మరునాడు పొద్దున గేటు దగ్గర దాని చెయ్యి వదిలాను. అది లోపలికి పోయింది. నేను రోడ్డు అవతల మద్దమ్మ టీ అంగడిలో బడి వైపు ముఖం పెట్టి కూర్చున్నాను. గ్లాసులో టీ చల్లారిపోయింది. ఎక్కాలు మొదలయ్యాయి. మెహనాజ్ వరండాలోకి వచ్చింది. అంగడి బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, అక్కడే కూర్చున్నాను.